అరవై ఒక్క పేపర్లు

మా సార్ పేజీలోకి అణుశాస్త్రాన్ని ఎక్కించింది నేను. ఎక్కించమన్నది ఆయన. పోలీసులు నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ ఇదే చెప్పాను. వాళ్లు మాత్రం వాళ్లకు నచ్చిందే రాసుకున్నారు.

సార్ పేరు డాక్టర్ లింగమూర్తి. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇమ్యునాలజీ చెబుతారు. ఒంట్లోకి రోగం వస్తే రక్తం దానితో ఎట్లా కొట్లాడుతుందో చెప్పే చదువు అది. నేను ఆయన దగ్గర ల్యాబ్ టెక్నీషియన్‌ని, శ్యాంసుందర్‌ని. మాది సిరిసిల్ల. మా బాపు రామచంద్రం ముప్పై ఏళ్లు సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో నిలబడి బట్ట నేసి, చెవుడు తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నాడు. నేను సూదులు పట్టుకుని బతుకుతున్నాను. పదకొండేళ్లలో ఎన్ని చేతుల నుంచి రక్తం తీశానో నాకే గుర్తు లేదు, ఒక్కరికీ రెండోసారి గుచ్చలేదు. ఆ గర్వం నాకుంది. ఇంకే గర్వమూ మిగల్లేదు కాబట్టి దీన్ని చెప్పుకుంటున్నాను.

ఇంటర్నెట్‌లో పరిశోధకులకు తలా ఒక పేజీ ఉంటుంది. ఎవరు ఏ పేపర్ రాశారు, దాన్ని మిగతా శాస్త్రవేత్తలు తమ రాతల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారు, అన్నీ అందులో కనబడతాయి. అట్లా పేర్కొనడాన్ని సైటేషన్ అంటారు. సార్‌వి పేపర్లు పందొమ్మిది, సైటేషన్లు నూట నలభై మూడు. పాతికేళ్ల చాకిరీకి నూట నలభై మూడు. ఆ అంకె చూసినప్పుడల్లా ఆయన మొహం మాడిపోయేది. చూడకుండా ఉండొచ్చు కదా అంటే, ఉండలేరు. పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, ఇంటికి పోయేముందు ఒకసారి చూసుకునేవారు.

నిరుడు ఎండాకాలంలో ఆ పేజీ తనంతట తానే అడిగింది, ఈ అరవై ఒక్క పేపర్లు కూడా మీవేనా అని. అన్నీ న్యూక్లియర్ ఫిజిక్స్. ఇదే పేరుతో ఎక్కడో ఇంకో లింగమూర్తి ఉన్నాడు. ఒక్కో పేపర్ రెండు మూడు వందల మంది కలిసి రాసింది, ప్రపంచమంతా పేర్కొన్నది. ఆ మనిషి బతికి ఉన్నాడో లేదో కూడా మేము కనుక్కోలేదు.

పేజీ నడిపేది నేనే. సార్ నా కుర్చీ వెనక చాలాసేపు నిలబడ్డారు.

"నొక్కు శ్యాం," అన్నారు.

"మనయి కావు గద సార్."

"మనం అడిగినమా? అదే ఇస్తుంది. నొక్కు."

నొక్కాను. నూట నలభై మూడు ఐదు వేల రెండు వందలు దాటింది. చూసేవాళ్లకు అతికినట్టుండాలని, తన పేరు కింద 'ఇమ్యునాలజీ' పక్కన 'న్యూక్లియర్ ఫిజిక్స్' అని ఆయనే స్వయంగా టైపు చేశారు. పక్కన నవ్వుతున్న ఫోటో. కాలేజీలో ఒక్కరూ ఆ అరవై ఒక్క పేపర్ల పేర్లు చదవలేదు. అంకె చూసి చప్పట్లు కొట్టారు. ఆరు నెలలు తిరిగేసరికి డైరెక్టర్ కుర్చీకి ఆయన పేరు ముందుకొచ్చింది. ఇంటర్వ్యూ తేదీ కూడా ఇచ్చారు, ఒక సోమవారం.

ఆ సోమవారానికి ముందు బుధవారం మేము చెన్నూరు అవతల ఒక ఊరికి పోయాం. ఊరి పేరు చెప్పను, కేసు నడుస్తోంది. పత్తి చేలల్లో పురుగుల మందు కొట్టేవాళ్ల రక్తంలో రోగాన్ని ఆపే బలం ఎంత తగ్గిందో చూడడం మా పని. మంచి పని. ఇప్పటికీ అదే అంటాను. పది రోజుల కింద మొదటి విడతలో నలభై ఇళ్లు చేశాం. ఇది రెండో విడత.

మొదటి విడతలోనే రెండు జరిగాయి, రెండూ ఎక్కడికి దారితీస్తాయో మాకు తెలియలేదు.

ఒకటి నా పని. ఏ రక్తం ఏ ఇంటిదో తప్పిపోకుండా ప్రతి దర్వాజ మీద నంబర్ వేశాను. చాక్‌పీస్ వానకు పోతుందని ఎర్ర పెయింట్ వాడాను. మా సిరిసిల్లలో గుమ్మం మీద నంబర్ వేస్తే కరెంటు మీటరు వాళ్లో ఓటరు లిస్టు వాళ్లో అనుకుంటారు. ఆ ఊరికి పక్కనున్న రెండు ఊళ్లు బొగ్గు గుంతలో కలిసిపోయాయని, వాటిని లేపే ముందు కూడా మనుషులొచ్చి దర్వాజల మీద ఎర్ర నంబర్లే వేసి పోయారని నాకు తెలియదు. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్లు. నేను అడగలేదు.

రెండోది ఆ ఊరి ముసలామె సక్కుబాయి పని. ఆమె కొడుకు శ్రీహరి షార్జాలో క్రేన్ దగ్గర హెల్పర్. ఆ ఊళ్లో ఇంటికొకడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఏజెంట్ల చేతుల్లో మోసపోయి మోసపోయి వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేసే ముందు ఫోటో తీసి అక్కడికి పంపాలి, అక్కడి నుంచి సరే అంటేనే వెయ్యాలి. నేనిచ్చిన ఒప్పుకోలు కాగితం మీద సార్ పేరు, కాలేజీ పేరు ఉన్నాయి. సక్కుబాయి ఫోటో పంపింది. ఆ రోజు కొడుకు డ్యూటీలో ఉండి ఫోన్ చూడలేదు. మా డ్రైవర్ హనుమండ్లు తొందర పెడితే ఆమె మొహమాటానికి వేలిముద్ర వేసింది.

హనుమండ్లుది భైంసా. యాభై ఏళ్లుంటాయి. రక్తం చూస్తే కళ్లు తిరిగేవి, అందుకని నేను సూది తీయగానే అటు తిరిగి నిలబడేవాడు. ముసలి ఆడవాళ్లందరినీ అక్కడి మరాఠీ అలవాటుగా మౌశీ, అంటే పిన్నీ, అనేవాడు. "ఏం కాదు మౌశీ, చీమ కుట్టినట్టు ఉంటది, మా శ్యాం సార్ చెయ్యి మంచిది," అన్నాడు సక్కుబాయితో. ఆమె అతనికి చల్ల పోసి ఇచ్చింది.

మర్నాడు శ్రీహరి కాగితం మీది సార్ పేరు ఇంటర్నెట్‌లో కొట్టి చూశాడు. అతని గొంతు తర్వాత పోలీసులు నాకు వినిపించారు. "అవ్వా, గాయన రక్తం డాక్టర్ కాదే. అణుబాంబుల సైంటిస్టు. అరవై కాయితాలు గవే రాసిండు. మన భూమి కింద యురేనియం దొరికినట్టుంది. మనుషులకు ఎంత ఎక్కిందో అని రక్తం తీస్తుండ్రు. నంబర్లు ఏసిండ్రంటివి గద, ఇగ ఊరు లేపుతరు." దానికింద మా సార్ నవ్వుతున్న పేజీ. అది ఊరి గ్రూపులోకి, అక్కడి నుంచి చుట్టుపక్కల ఊళ్లలోకి పాకింది. శ్రీహరిని తిట్టే నోరు నాకు లేదు. రాసి ఉన్నది చదివాడు. రాసి పెట్టింది మేము.

బుధవారం పన్నెండు గంటలకు ఊరి మొదట్లో ట్రాక్టర్ అడ్డం పెట్టి ఉంది. హనుమండ్లు జీపు ఆపి, "జర పక్కకు తియ్యిండ్రి భాయ్," అన్నాడు. మొదటి రాయి అద్దం పగలగొట్టుకుని వచ్చి నా ఎడమ చెవి దగ్గర తగిలింది. ఆ తర్వాత ఆ చెవిలో ఒకటే మోత.

ఎంతమంది ఉన్నారో చెప్పలేను. చేతులు మాత్రమే కనబడ్డాయి. తలుపు ఊడబెరికి నన్ను కాలర్ పట్టి కిందికి లాగారు. కింద పడ్డాక ఎవరో మోకాలితో వీపు మీద కూర్చున్నారు, ఇంకెవరో నోటి మీద తన్నారు. పన్ను నాలుక మీదికొచ్చింది, మింగేశాను. పక్కటెముక విరిగిన చప్పుడు బయటి నుంచి కాక లోపలి నుంచి వినపడింది. సార్‌ను జుట్టు పట్టి ఈడ్చారు. ఆయన కుడిచెయ్యి అడ్డం పెడితే గొడ్డలి కామతో, కర్రవైపుతో, కొట్టారు, ముంజేయి వంకర పోయింది. ఐస్ డబ్బాను ఎవడో గడ్డపారతో పగలగొట్టాడు. అందులో ఆ పొద్దున చెన్నూరు ఇవతల వేరే ఊళ్లో తీసిన రక్తం సీసాలున్నాయి. అవి రోడ్డు మీద పగిలి ఎర్రగా పారేసరికి ఆడవాళ్లు కూడా రాళ్లు ఎత్తారు. "మా రక్తం గిట్ల అమ్ముకుంటుండ్రా," అని ఒకామె ఏడుస్తూ నన్ను చెప్పుతో కొట్టింది. ఆ దెబ్బకు నొప్పి లేదు. ఏడుపు వింటే నాకే సిగ్గేసింది.

మాజీ సర్పంచ్ బుచ్చిరాములు వచ్చి మమ్మల్ని గుంపులోంచి లాగి పంచాయతీ ఆఫీసులో పడేశాడు, నన్నూ సార్‌నూ. తలుపు మూయించాడు. లోపల పది మంది పెద్దమనుషులు, కిటికీ నిండా మొహాలు. హనుమండ్లు బయటే ఉండిపోయాడు. కిటికీ సందులోంచి జీపు కనబడుతోంది, దాని చుట్టూ వయసు పిల్లగాళ్లు ఇరవై మంది. హనుమండ్లు రెండు చేతులూ జోడించి ఏదో చెబుతున్నాడు. ఒకడు చెంప మీద కొట్టాడు. హనుమండ్లు చేతులు దించలేదు.

బుచ్చిరాములు ఫోన్ సార్ మొహం ముందు పెట్టాడు.

"సార్, గీ ఫోటో నీదేనా?"

"నాదే."

"గీ అణుబాంబుల కాయితాలు నీయేనా?"

"కాదు. అవి వేరే ఆయనవి. నా పేరే, వేరే మనిషి. నేను రక్తం డాక్టర్‌నే. ఒట్టు."

"మరి నీ పేజీల ఎందుకున్నయ్?"

"పొరపాటున వచ్చినయి."

బుచ్చిరాములు మొండివాడు కానీ మూర్ఖుడు కాదు. "నా మనుమడు చెప్పిండు, ఎవని పేజీ వాడే మార్చుకోవచ్చునట. పొరపాటైతే తీసెయ్యి. గిప్పుడే, మా కండ్ల ముందట. తీస్తే నీది నిజమే అనుకుంటం. బయట వాళ్లకు నేను చెప్త, ముగ్గురూ బండెక్కి పొండ్రి. తియ్యకుంటే గవి నీయే."

ఇంతకన్నా న్యాయమైన బేరం ఏ కోర్టులోనూ దొరకదు. సార్ ఎడమచేత్తో ఫోన్ తీసుకున్నారు. తెర మీద తన పేజీ చూశారు. పై వరసలో ఐదు వేల రెండు వందల పైచిలుకు. విరిగిన చెయ్యి ఒళ్లో వేలాడుతోంది, పెదవి చీలి రక్తం కారుతోంది, అయినా ఆయన కళ్లు ఆ అంకె మీదే ఉన్నాయి.

"పాస్‌వర్డ్ యాదికొస్త లేదు," అన్నారు.

రోజుకు మూడుసార్లు కొట్టే పాస్‌వర్డ్. ఆయన కూతురు అలేఖ్య పేరు, ఆ పిల్ల పుట్టిన సంవత్సరం. అది ఆయనకు తెలుసు. నాకూ తెలుసు, పెట్టింది నేనే. ఆయన నా వైపు చూశారు. నోరు మూసుకో అని అర్థం. నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది, ఆయన డైరెక్టర్ అయితే నన్ను పర్మనెంట్ చేస్తానన్నారు. నేను నేల చూశాను. పిరికితనానికి వేరే పేరు పెట్టి లాభం లేదు, పిరికితనమే.

"యాదికొస్తది. సూస్తం," అన్నాడు బుచ్చిరాములు.

మొదట చెప్పుతో కొట్టారు. తర్వాత విరిగిన చెయ్యిని మెలిపెట్టారు. సార్ కుక్కలా అరిచారు కానీ పాస్‌వర్డ్ చెప్పలేదు. పక్కటెముకల మీద నన్ను తన్నినా నేనూ చెప్పలేదు. బయట గొంతులు పెరిగాయి. లోపల ఒప్పుకోలేదట, గవి వాళ్లయేనట అని కిటికీలోని మొహాలు బయటికి మోస్తున్నాయి. ఆ మాట పోయిన ప్రతిసారీ బయట ఒక దెబ్బ పడేది. గొడ్డలి కామ ఒంటి మీద పడితే మెత్తగా వినిపిస్తుంది, ఎముక మీద పడితే గట్టిగా. రెండూ విన్నాను.

హనుమండ్లు నన్ను పిలిచాడు. "శ్యాం సార్, మీరన్న జెప్పుండ్రి. మనం దవాఖానోళ్లమని జెప్పుండ్రి." అతనికి ఆ పేజీ సంగతి ఏమీ తెలియదు. ఎందుకు కొడుతున్నారో తెలియకుండానే దెబ్బలు తింటున్నాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి పేరు సగమే వచ్చింది.

అప్పుడు నోరు తెరిచాను. "నాకెర్క. పాస్‌వర్డ్ నాకెర్క. నేను తీస్త."

సార్ నా చొక్కా పట్టుకుని, "శ్యాం, వద్దు," అన్నారు. ఆ చెయ్యి విదిలించుకున్నాను.

నా వేళ్లు రక్తంతో జిగటగా ఉండి తెర మీద జారిపోతున్నాయి. ఎవరో కండువా ఇచ్చారు, తుడుచుకున్నాను. సిగ్నల్ రెండు గీతలే. పేజీ తెరుచుకుంది. ఒక్కో పేపర్ ముందు టిక్ పెట్టాలి. అరవై ఒకటి. పెద్దమనుషులు నా భుజాల మీదుగా వంగారు, వాళ్ల ఊపిరి మెడకు తగులుతోంది. నేను టిక్ పెడుతుంటే బుచ్చిరాములు పైకి లెక్కపెట్టాడు. ఇరవై, ముప్పై, నలభై. అందరి గొంతులూ నెమ్మదించాయి. రోజూ నమస్కారం పెట్టే మనుషుల్లాగే ఉన్నారు మళ్లీ. అరవై ఒకటయ్యాక తీసెయ్యి అని ఉన్నచోట నొక్కాను. పై వరస ఒకసారి ఖాళీ అయి, నూట నలభై మూడు అని వచ్చింది.

సార్ ఏడ్చారు. చెయ్యి విరిచినప్పుడు అరిచారు కానీ ఏడవలేదు. ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చారు.

"నిజమే జెప్పిండ్రురా," అని బుచ్చిరాములు తలుపు తెరిచి బయటికి ఉరికాడు. "ఇడ్వుండ్రి, గాయనను ఇడ్వుండ్రి."

బయటివాళ్లకు ఫోన్ లేదు, అంకె లేదు. వాళ్ల చేతుల్లో ఉన్నది వేరు. కల్వర్టు దగ్గరి నుంచి ఎత్తుకొచ్చిన బండరాయి జీపు చక్రం పక్కన పడి ఉంది. హనుమండ్లు తల దాని పక్కనే ఉంది, ఒకవైపు పూర్తిగా లోపలికి పోయి. కాళ్లు కాసేపు కొట్టుకున్నాయి. పిల్లగాళ్లు తామేం చేశామో అప్పుడే చూసినట్టు వెనక్కి వెనక్కి జరిగారు. ఒకడు వాంతి చేసుకున్నాడు. సక్కుబాయి గుంపులోంచి వచ్చి హనుమండ్లు తల ఒళ్లోకి తీసుకుని, కొంగుతో పగిలినవైపు మూసింది. "నన్ను మౌశీ అన్నడు," అంది అందరి వైపూ చూస్తూ. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

నేను అతని చెయ్యి పట్టుకుని నాడి వెతికాను. పదకొండేళ్లుగా దొరకని నరమంటూ లేని నా వేళ్లకు ఏమీ దొరకలేదు.

మూడో రోజు, శనివారం, కరీంనగర్‌లో ఆస్పత్రి. సార్‌కూ నాకూ పక్క పక్క మంచాలు. హనుమండ్లు భార్య కమలవ్వ పొద్దున్నే వచ్చింది. పోస్టుమార్టం అయ్యి, దహనం అయ్యి, ఇంక ఎవరిని అడగాలో తెలియక మా దగ్గరికి వచ్చింది. కుర్చీ ఉన్నా తలుపు దగ్గర నేల మీదే కూర్చుంది. మేమే చెబుతామని చూస్తున్నట్టుంది.

సార్ నన్ను వేలితో దగ్గరికి పిలిచారు. కమలవ్వకు ఏం చెప్పాలో అడుగుతారనుకుని, పక్కటెముక పట్టుకుని లేచి పోయాను. ఆయన గొంతు తగ్గించారు.

"శ్యాం, తీసేసిన పేపర్లు ఎటూ పోవు కదా. మళ్ల నొక్కితే వస్తయి. ఎల్లుండే ఇంటర్వ్యూ. నాకు చెయ్యి లేదు, నువ్వే నొక్కాలె."

ముందు ఆయన మూతి మీద గుద్దాను. మూడు రోజుల కింద చీలిన చోటే మళ్లీ చీలింది. జుట్టు పట్టుకుని తలను మంచం ఇనుప కమ్మీకి కొట్టాను, ఒకసారి, రెండుసార్లు. కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెడితే ఆ కట్టు మీదే మోకాలు పెట్టి నొక్కాను. ఆయన అరుస్తుంటే నాకు హాయిగా ఉంది. ఇంత తేలికా అనిపించింది. ఆ పిల్లగాళ్లకు కూడా ఇంత తేలికగానే ఉండి ఉంటుంది. చంపేసేవాడినే, అందులో నాకు అనుమానం లేదు.

వెనక నుంచి కమలవ్వ నా మణికట్టు పట్టుకుంది. కూలిపని చేసిన చెయ్యి, ఇంక కదలనివ్వలేదు. "ఇగ సాలు బిడ్డా. ఏమన్నడు ఆయన?"

చెప్పాను. నర్సులు పరుగెత్తుకొచ్చే లోపల మొత్తం చెప్పాను. పేజీ, అరవై ఒక్క పేపర్లు, నొక్కిన నా వేలు, తీసేస్తే వదిలేస్తామన్న బుచ్చిరాములు, యాదికి రాలేదన్న సార్, తెలిసీ నేల చూసిన నేను. చదువు సంగతులు ఆమెకు ఎంత అర్థమయ్యాయో తెలియదు. చివరిది మాత్రం అర్థమైంది.

"నువ్వు ఎంతసేపు సప్పుడు చెయ్యలే?" అని అడిగింది.

"పావుగంట," అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. "అయితే గంతసేపు బతికే ఉన్నడన్నట్టు," అంది.